చిన్న కాలేజీ బేస్‌బాల్ ఆఫర్: "40 శాతం" అంటే ఎన్ని డాలర్లో తేల్చుకోవడం ఎలా

కోచ్ ఫోన్ చేసి "మీవాడికి 40 శాతం ఇస్తాం" అన్నాడంటే, సంబరపడే ముందు అడగాల్సిన మాట ఒకటుంది: దేంట్లో 40 శాతం? ట్యూషన్‌లోనా, గది, తిండి, పుస్తకాలు కలిపిన మొత్తం ఖర్చులోనా? ఒకే కాలేజీలో ఈ రెండింటికీ ఏడాదికి ఐదారు వేల డాలర్ల తేడా రావచ్చు. నాలుగేళ్లకి అదో కారు ఖరీదు.

అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో ఫుల్ స్కాలర్‌షిప్ అరుదు. జట్టుకి ఇన్ని స్కాలర్‌షిప్‌లని ఒక లెక్క ఉంటుంది, కోచ్ వాటిని ముక్కలు చేసి పంచుతాడు. దీన్ని ఈక్వివలెన్సీ అంటారు. ఒక పూర్తి స్కాలర్‌షిప్‌ను నలుగురికి పావు చొప్పున ఇచ్చినా, ఇద్దరికి సగం చొప్పున ఇచ్చినా ఆ లెక్కలో ఒకటే. చిన్న కాలేజీల్లో ఈ ముక్కలు మరీ చిన్నవి. ఎంత చిన్నవో కాలేజీకీ కాలేజీకీ మారుతుంది. ఫ్రిస్కో, కమింగ్, ఎడిసన్ లాంటి తెలుగువాళ్లున్న అమెరికా ఊళ్లలో ట్రావెల్ బాల్‌కి (ఊరూరా తిరిగి ఆడే ప్రైవేట్ జట్లకి) వేలు పోస్తున్న మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మొదటి పని: ఆ కాలేజీ ఏ సంఘంలో ఉందో చూడండి

ఎన్‌సీఏఏ, ఎన్‌ఏఐఏ, ఎన్‌జేసీఏఏ అనేవి కాలేజీ క్రీడల సంఘాలు, డివిజన్లు వాటిలో కొన్నింటిలోని అంచెలు. కాలేజీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్ అడుగున ఆ సంఘం లోగో ఉంటుంది. దాన్నిబట్టి గరిష్ఠ పరిమితి తెలుస్తుంది.

ఎన్‌సీఏఏ డివిజన్ 2లో బేస్‌బాల్‌కి గరిష్ఠంగా 9 పూర్తి స్కాలర్‌షిప్‌లు. ఎన్‌ఏఐఏలో 12. రెండేళ్ల జూనియర్ కాలేజీల సంఘం ఎన్‌జేసీఏఏలో డివిజన్ 1కి 24. అక్కడ ట్యూషన్, ఫీజులు, గది, తిండి, పుస్తకాలతోపాటు ఏడాదికి ఒకసారి ఇంటికి వెళ్లొచ్చే ఖర్చు కూడా ఇవ్వొచ్చు. ఎన్‌జేసీఏఏ డివిజన్ 2కి కూడా 24 ఉన్నాయి గానీ అవి ట్యూషన్, ఫీజులు, పుస్తకాల వరకే. గది, తిండి మన జేబులోంచే. ఎన్‌జేసీఏఏ డివిజన్ 3లో, ఎన్‌సీఏఏ డివిజన్ 3లో ఆట పేరుతో ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లోనూ అంతే. కాకపోతే అక్కడ రాష్ట్ర నివాసులకి ట్యూషన్ ఒక్కో కోర్సు యూనిట్‌కి 46 డాలర్లే కాబట్టి స్కాలర్‌షిప్ లేకపోయినా పెద్ద భారం ఉండదు.

డివిజన్ 1లోని చిన్న కాలేజీల సంగతి ఇప్పుడు రెండు రకాలు. 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌లో (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరిన రాజీలో) చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయింది, బదులుగా జట్టులో 34 మందే ఉండాలి. చేరని కాలేజీలకి పాత 11.7 పరిమితే వర్తిస్తుంది. కాబట్టి డివిజన్ 1 అన్న పేరు చూసి మురిసిపోకండి. మీరు మాట్లాడుతున్న కాలేజీ అందులో చేరిందో లేదో కోచ్‌నే అడగండి. చేరితే 34లో చోటు దొరకడమే మొదటి గండం, డబ్బు మాట తర్వాత.

డివిజన్ 3 కోచ్ "మేం అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఇవ్వం, కానీ మంచి ప్యాకేజీ చూస్తాం" అంటే అది చదువు మీద, కుటుంబ ఆదాయం మీద వచ్చే సొమ్ము. ఆటను బట్టి దాన్ని పెంచకూడదు. ఆటగాళ్ల ప్యాకేజీలు మిగతా విద్యార్థుల ప్యాకేజీలతో పోలిస్తే ఎలా ఉన్నాయో ఎన్‌సీఏఏ ఏటా చూస్తుంది. "నేను చెప్తే ఫైనాన్షియల్ ఎయిడ్ వాళ్లు పెంచుతారు" అనే డివిజన్ 3 కోచ్ మాటను నమ్మకండి.

రెండో పని: పరిమితిని పక్కన పెట్టి, అసలు డబ్బెంతో చూడండి

తొమ్మిది అనేది పైకప్పు, అంతే. ఎన్నో డివిజన్ 2 కాలేజీలు రెండు, మూడు, నాలుగు స్కాలర్‌షిప్‌ల సొమ్ముతో జట్టు నడుపుతాయి. పూర్తిగా తొమ్మిదీ ఇచ్చే జట్టుని ఫుల్లీ ఫండెడ్ అంటారు. ఈ మాట కోచ్ నోటి నుంచి రాకపోతే, లేదని అనుకోవచ్చు. ఉన్నవాళ్లు దాన్ని దాచుకోరు.

దీన్ని ఇంట్లో కూర్చుని అంచనా వేసే దారి ఉంది. ఫెడరల్ విద్యార్థి సాయం తీసుకునే, క్రీడాజట్లు నడిపే కాలేజీలన్నీ ఏటా తమ క్రీడల ఖర్చుల లెక్కలు అమెరికా విద్యాశాఖకి ఇవ్వాలి. ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ అనే డేటా సైట్‌లో కాలేజీ పేరు కొడితే వస్తాయి. అక్కడ స్కాలర్‌షిప్‌ల మొత్తం పురుషుల జట్లన్నింటికీ కలిపే ఉంటుంది, బేస్‌బాల్‌కి విడిగా ఉండదు. కానీ బేస్‌బాల్ జట్టు మొత్తం ఖర్చు, ఆటల నిర్వహణ ఖర్చు, ఆటగాళ్ల సంఖ్య విడిగా ఉంటాయి. వాటితో లెక్క ఇలా:

ఉదాహరణకి బేస్‌బాల్ మొత్తం ఖర్చు 4,20,000 డాలర్లు అనుకోండి. ప్రయాణాలు, బస, తిండి, యూనిఫాంలు, సామాను, అంపైర్లు కలిపిన నిర్వహణ ఖర్చు 90,000. తీసేస్తే 3,30,000 మిగులుతుంది. కోచ్, అసిస్టెంట్ కోచ్‌ల జీతాలకి సుమారుగా 1,15,000 తీసేయండి. మిగిలిన 2,15,000లో స్కాలర్‌షిప్‌లు, ఇంకా రిక్రూటింగ్ లాంటి చిల్లర ఖర్చులు ఉంటాయి. అంటే స్కాలర్‌షిప్ సొమ్ము దీనికి మించదు. కాలేజీ పూర్తి ఖర్చు 34,000 అయితే 2,15,000 అంటే ఆరు స్కాలర్‌షిప్‌ల పైచిలుకు. జట్టులో 45 మంది ఉంటే సగటున తలకి 4,800 డాలర్లు కూడా రావు. ఇదీ నిజమైన పోటీ.

సగటు అన్నాం గానీ ఎవరూ సమానంగా పంచరు. పిచ్చర్లకి, ముఖ్యంగా ఎడమచేతి వాళ్లకి, ఆ తర్వాత క్యాచర్‌కి, షార్ట్‌స్టాప్‌కి, సెంటర్ ఫీల్డర్‌కి ఎక్కువ వెళ్తుంది. ఫస్ట్ బేస్, కార్నర్ అవుట్‌ఫీల్డ్ ఆడేవాడికి బ్యాట్ బాగా మోగితే తప్ప పెద్ద ముక్క రాదు. పేరు రోస్టర్‌లో (జట్టు జాబితాలో) ఉండి ఆటసొమ్ము (అథ్లెటిక్ స్కాలర్‌షిప్) సున్నా ఉన్నవాళ్లు చిన్న కాలేజీల్లో బోలెడు మంది.

ఇంకో కిటుకు కూడా తెలుసుకోవాలి. ప్రభుత్వ కాలేజీలో అథ్లెటిక్ స్కాలర్‌షిప్ అంటే చాలాచోట్ల అథ్లెటిక్ విభాగం తన బడ్జెట్‌లోంచి ఫీజు కౌంటర్‌కి నిజంగా కట్టే డబ్బు. విద్యార్థులు సరిపోని చిన్న ప్రైవేట్ కాలేజీలో అది ఎక్కువగా ఫీజులో తగ్గింపు, అంటే కాగితం మీద అంకె. ఖాళీ సీట్లు నింపడానికే జట్టు నడిపే కాలేజీలు ఉన్నాయి. కోచ్‌కి ఏడాదికి ఇంతమందిని చేర్చాలని లక్ష్యం పెడతారు. అందుకే ఎన్‌ఏఐఏ ప్రైవేట్ కాలేజీ ఆఫర్ లెటర్‌లో అంకె డివిజన్ 2 ప్రభుత్వ కాలేజీ కన్నా రెట్టింపు కనిపించినా, చివరికి మనం కట్టేది ఎక్కువే ఉండొచ్చు. అలాంటి చోట రోస్టర్‌లో 60, 70 మంది పేర్లు కనిపిస్తాయి, జేవీ (రెండో శ్రేణి) జట్టు కూడా ఉంటుంది.

మూడో పని: శాతాన్ని డాలర్లలోకి దింపండి

ఒక కాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో కాలేజీ మొత్తం ఖర్చు: ట్యూషన్, ఫీజులు, గది, తిండి, పుస్తకాలు. రెండో గడిలో ఆటసొమ్ము. మూడో గడిలో మెరిట్, ఇతర సాయం. నాలుగో గడిలో మనం కట్టేది. పోల్చాల్సింది ఈ నాలుగో గడినే.

ఊహ అంకెలతో చూద్దాం. ప్రభుత్వ డివిజన్ 2, వేరే రాష్ట్రం వాళ్లకి 34,000 ఖర్చు, కోచ్ 25 శాతం అన్నాడు. మొత్తం మీద అయితే 8,500, ట్యూషన్ 20,000 మీదే అయితే 5,000. మెరిట్ లేదు. మనం కట్టేది 25,500 లేదా 29,000. ప్రైవేట్ ఎన్‌ఏఐఏ, ఖర్చు 46,000, మెరిట్ 18,000, బేస్‌బాల్ 8,000, కట్టేది 20,000. డివిజన్ 3, ఖర్చు 62,000, మెరిట్ 30,000, ఆటసొమ్ము సున్నా, కట్టేది 32,000. సొంత రాష్ట్రంలోని జూనియర్ కాలేజీ, ఖర్చు 14,000, ట్యూషన్, పుస్తకాలు మాఫీ 4,500, కట్టేది 9,500. శాతాల్లో పెద్దగా కనిపించింది ఒకటి, ఇంటికి చవకైనది ఇంకొకటి.

వేరే రాష్ట్రం నుంచి వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. 6,000 డాలర్లు 24,000 ఖర్చున్న సొంత రాష్ట్రపు ఆటగాడికి ఇస్తే అది 0.25 స్కాలర్‌షిప్. అదే 6,000 వేరే రాష్ట్రం వాడికి ఇస్తే 34,000లో 0.18 కూడా కాదు. కోచ్ చేతిలో నగదు బడ్జెట్ ఉంటే ఎవరికిచ్చినా 6,000 ఒకటే. కానీ అతను శాతాల్లో ఆలోచిస్తుంటే, వేరే రాష్ట్రం వాడికి పావు ఇవ్వడానికి 8,500 పెట్టాలి. అందుకే చాలామంది ప్రభుత్వ కాలేజీ కోచ్‌లు సొంత రాష్ట్రం పిల్లలతో జట్టు నింపుతారు. పక్క రాష్ట్రాలవారికి ట్యూషన్ తగ్గించే పథకం ఆ కాలేజీలో ఉందేమో అడ్మిషన్ ఆఫీసులో అడగండి. ఉంటే మీవాడికి ఆఫర్ ఇవ్వడం కోచ్‌కి ఒక్కసారిగా తేలికవుతుంది.

టెక్సాస్ జూనియర్ కాలేజీల్లో ట్యూషన్ మూడంచెలు: ఆ డిస్ట్రిక్ట్ లోపల ఉన్నవాళ్లకి, డిస్ట్రిక్ట్ బయట కానీ రాష్ట్రంలో ఉన్నవాళ్లకి, బయటి రాష్ట్రం వాళ్లకి. స్కాలర్‌షిప్ "ట్యూషన్ అంతా" అని ఉంటే ఏ అంచె ట్యూషనో రాయించుకోండి. జూనియర్ కాలేజీ అని చులకనగా చూడనక్కర్లేదు. హ్యూస్టన్ దగ్గరి శాన్ జసింటో కాలేజీలో ఆడినవాళ్లే పేరుమోసిన మేజర్ లీగ్ పిచ్చర్లు రోజర్ క్లెమెన్స్, ఆండీ పెటిట్.

నాలుగో పని: మెరిట్ సొమ్మును ముందు తేల్చుకోండి

చిన్న కాలేజీల్లో అసలు డబ్బు ఆటలో కన్నా చదువులో ఉంటుంది. డివిజన్ 2లో చదువు ఆధారంగా వచ్చే సాయం సాధారణంగా ఆ తొమ్మిది లెక్కలోకి రాదు. కాబట్టి మంచి జీపీఏ (మార్కుల సగటు) ఉన్న పిల్లవాడు కోచ్‌కి చవక పడతాడు. 4,000 ఆటసొమ్ము, 14,000 మెరిట్ కలిపి ఇవ్వగలడు. మార్కులు తక్కువున్నవాడికి అదే కోచ్ 18,000 తన జేబులోంచి తీయలేడు. బ్యాటింగ్ కేజ్‌లో గంట తగ్గించి ఎస్ఏటీ పరీక్షకి పెడితే అది కూడా బేస్‌బాల్ పెట్టుబడే.

కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ తప్పక ఉంటుంది, చట్టం ప్రకారం పెట్టాలి. దాంట్లో అంకెలు వేసి ఆట లేకుండా ఎంత కట్టాలో ముందే తెలుసుకోండి. అదే సమయంలో రెండు చూడండి. మెరిట్ నిలవాలంటే ప్రతి ఏడాదీ ఎంత జీపీఏ కావాలి? మొదటి ఏడాది జట్టు బస్సుల్లో తిరుగుతూ 2.9 వస్తే 3.0 షరతున్న మెరిట్ పోతుంది. ఆటసొమ్ము పదిలంగా ఉన్నా కుటుంబం మీద ఒక్కసారిగా 14,000 పడుతుంది. రెండు, మీ తెలుగు సంఘమో, ఆఫీసో ఇచ్చే బయటి స్కాలర్‌షిప్ కాలేజీకి చెబితే వాళ్లు దేన్ని తగ్గిస్తారు? కొన్నిచోట్ల తమ సాయంలోంచి కోసేస్తారు, అప్పుడు మీకు ఒరిగేదేమీ ఉండదు.

ఆర్థిక అవసరం ఆధారంగా వచ్చే సాయానికి ఫాఫ్సా అనే ఫెడరల్ ఫారం నింపాలి. సాధారణంగా అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. 2025-26లో పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం వాళ్లకి ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ సాయం) గరిష్ఠం 7,395 డాలర్లు. కొన్ని ప్రైవేట్ కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఆర్థిక వివరాల ఫారం కూడా అడుగుతాయి. సాఫ్ట్‌వేర్ జీతాలున్న ఇళ్లకి పెల్ వచ్చే అవకాశం తక్కువే, అయినా నింపండి. కొన్ని కాలేజీలు మెరిట్‌కి కూడా అది కావాలంటాయి.

ఐదో పని: వీసా ఉన్న ఇళ్లు ఇక్కడ ఆగి చదవాలి

అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌కి వీసా అడ్డుకాదు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా), ఎఫ్-1 (విద్యార్థి వీసా), గ్రీన్‌కార్డ్, ఎవరికైనా ఇవ్వొచ్చు. మిగతావాటి సంగతి వేరు. ఫెడరల్ సాయం, అంటే పెల్, ఫెడరల్ లోన్, వర్క్ స్టడీ, గ్రీన్‌కార్డ్ ఉన్నవారికి వస్తుంది, హెచ్-4 పిల్లలకి రాదు. కోచ్ "క్యాంపస్‌లో గ్రౌండ్ పని, క్యాంప్ పని ఇప్పిస్తాం, దాంతో 2,000 వస్తాయి" అని లెక్కలో కలిపితే, హెచ్-4 మీద ఆ పని చేయడం కుదరదు. ఎఫ్-1 అయితే చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు కుదురుతుంది. ఎన్‌ఐఎల్ డబ్బు (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చేది) కూడా పని కిందకి వచ్చే ప్రమాదం ఉంది, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం చేయవద్దు.

అందరూ మర్చిపోయేది 21వ పుట్టినరోజు. హెచ్-4 పిల్లవాడికి 21 నిండితే ఎఫ్-1కి మారాలి. టెక్సాస్ లాంటి చోట హెచ్-4 మీద సొంత రాష్ట్రపు ట్యూషన్ తెచ్చుకున్న కుటుంబానికి ఎఫ్-1 అయ్యాక ఆ రేటు ఉండకపోవచ్చు. పుట్టినరోజు మూడో ఏడులోనో నాలుగో ఏడులోనో వస్తుందా చూసుకుని, ఆ ఏడాదికి బయటి రాష్ట్రపు ట్యూషన్ వేసి నాలుగో గడి మళ్లీ నింపండి. కాలేజీ రెసిడెన్సీ ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. కోచ్‌కి ఈ విషయం తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా ఎఫ్-1 మీద వచ్చేవాళ్లకి, వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో కాలేజీ ఇచ్చే సొమ్ము విడిగా రాస్తారు, మిగతాది బ్యాంకు నిల్వగా మీరు చూపించాలి. స్కాలర్‌షిప్ అంకె పక్కాగా తేలకుండా ఐ-20 తయారైతే వీసా ఇంటర్వ్యూలో లెక్క కుదరదు.

పన్ను సంగతి కూడా ఇక్కడే. ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలకి వచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. గదికి, తిండికి వచ్చిన భాగం ఆదాయమే. ఎఫ్-1 మీదున్న నాన్‌రెసిడెంట్ విద్యార్థికి ఆ భాగంలో కాలేజీ మామూలుగా 14 శాతం ముందే కోసుకుంటుంది. "గది ఫ్రీ" అన్నా సెప్టెంబర్‌లో బిల్లు కనిపించేది ఇందుకే.

ఆరో పని: కోచ్‌ని ఇవి అడగండి

పిల్లవాడే అడగాలి. తల్లిదండ్రులు ఫోన్ లాక్కుంటే చాలామంది కోచ్‌లు వెనక్కి తగ్గుతారు. మర్యాదగా, ఈమెయిల్‌లో:

"మీ ఆఫర్‌లో డాలర్లు ఎన్ని, అది ఏ ఖర్చు మీద లెక్క? మెరిట్ దీనికి అదనమా, ఇందులోనే ఉందా? ఎన్ని ఏళ్లకి? పెరగడానికి, తగ్గడానికి మీరు చూసేది ఏమిటి? ఈ ఏడు ఎంతమంది ఫ్రెష్‌మెన్‌ని (మొదటి ఏడాది వాళ్లని) తీసుకుంటున్నారు? నిరుడు చేరిన ఫ్రెష్‌మెన్‌లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? ఫాల్ ప్రాక్టీస్ తర్వాత ఎవరినైనా తీసేస్తారా? నా స్థానంలో ఇంకెవరెవరు ఉన్నారు?"

చివరి నుంచి మూడో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే రోస్టర్ మీరే చూడండి. నిరుటి పేజీ పక్కన ఈ ఏటి పేజీ పెట్టి పేర్లు కొట్టేసుకుంటూ వెళ్లండి. ఇరవై మంది ఫ్రెష్‌మెన్ వచ్చి సోఫమోర్‌లు (రెండో ఏడాది వాళ్లు) ఆరుగురే ఉంటే, ఆ కాలేజీ మొదటి ఏడాది ఫీజుల మీద బతుకుతోందని అర్థం.

బేరం ఆడొచ్చా? ఆడొచ్చు, కానీ "ఇంకా కావాలి" అనకండి. "వేరే కాలేజీలో మేం 20,000 కడితే చాలు, మీ దగ్గర 25,500 అవుతోంది. మాకు ఇక్కడే ఇష్టం, తేడా తగ్గే దారి ఉందా?" అనండి. కోచ్ దగ్గర ఆటసొమ్ము అయిపోయినా మెరిట్ సమీక్షకి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి పంపగలడు.

ఏడో పని: కాగితం లేకుండా ఆఫర్ లేదు

ఫోన్‌లో మాట, ఇన్‌స్టాలో పెట్టిన కమిట్‌మెంట్ పోస్టు, రెండూ కాలేజీని కట్టిపడేయవు. కాలేజీ ఇచ్చే లిఖిత ఫైనాన్షియల్ ఎయిడ్ ఒప్పందమే లెక్క. దాంట్లో అంకె, ఏ కాలానికి, ఏ షరతులు ఉండాలి. ఎన్‌సీఏఏ 2024 అక్టోబర్‌లో పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని (ఆ కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం చేసే పత్రాన్ని) రద్దు చేశాక డివిజన్ 1లో ఈ ఒప్పందానికే బలం. జూనియర్ కాలేజీలకి ఎన్‌జేసీఏఏ లెటర్ ఆఫ్ ఇంటెంట్ విడిగా ఉంటుంది. దాంట్లో సంతకం ఎవరెవరిది ఉందో, ఖాళీ గడులు లేవో చూసి కాపీ తీసుకోండి.

ఎన్‌సీఏఏ డివిజన్ 1, 2లో ఒప్పంద కాలం నడుస్తుండగా ఆట బాగాలేదనో, గాయమైందనో సొమ్ము తగ్గించకూడదు. ఎన్‌ఏఐఏ, జూనియర్ కాలేజీల్లో కాలేజీ రాసిన షరతులే చదువుకోవాలి. గాయానికి ఎవరి బీమా ముందు కట్టాలో కూడా ఆ వాక్యాల్లోనో, ట్రైనర్ ఇచ్చే ఫారాల్లోనో ఉంటుంది. చాలాచోట్ల ముందు కుటుంబ బీమా, తర్వాతే కాలేజీది. ఇండియా నుంచి తెచ్చిన ట్రావెల్ పాలసీ మోచేతి శస్త్రచికిత్సకి పనికిరాదు.

చిన్న కాలేజీ ఆఫర్లు ఎక్కువగా ఒక్క ఏడాదివే. ఏటా పొడిగించాలి. ఎన్‌సీఏఏ కాలేజీ అయితే అథ్లెటిక్ సాయం పొడిగిస్తున్నారో, తగ్గిస్తున్నారో, ఆపేస్తున్నారో జూలై 1 లోపు రాతపూర్వకంగా తెలపాలి. తగ్గిస్తే అప్పీలు విచారణ కోరే హక్కు ఉంటుంది, దాన్ని అథ్లెటిక్ విభాగం కాకుండా వేరే కమిటీ వింటుంది. ఉత్తరం ఎక్కువగా పిల్లవాడి కాలేజీ ఈమెయిల్‌కే వస్తుంది, వేసవిలో వాళ్లు దాన్ని తెరవరు. జూన్ చివరి వారం వాడి ఇన్‌బాక్స్ వాడిచేతే తెరిపించండి. అందులో ఏమీ లేకపోతే అదే రోజు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి, కోచ్‌కి కాపీ పెట్టి, ఈమెయిల్ పంపండి.